గుడారమున పడక

కేదారయాత్రకు అత్తగారిని, పదునాలుగేండ్ల కూతురిని వెంటబెట్టుకొని పోనున్న ఒక సోదరి ఈ శీర్షికకు ఇట్లు వ్రాసినది: “దుకాణమువాడు సున్న డిగ్రీలు అని అచ్చువేసిన స్లీపింగ్ బ్యాగులు మూడు కట్టియిచ్చినాడు. ఇవి చాలునా? ఇంకను దుప్పట్లు మోయవలెనా? మోయవలెనన్నచో ఎన్ని?” ఇటీవల మన కుటుంబములు చలికాలమున లంబసింగికిని, అరకులోయకును, సెలవులలో హిమాలయములకును పోయి డేరాలలో పరుండుట తఱచైనది గావున, ఈ ప్రశ్న ఆమె యొక్కతెది మాత్రమే కాదు. ప్రయాణపు భోజనమును గూర్చి పదిదినములు ముందుగా ఆలోచించు మనము, పడకను గూర్చి బండి యెక్కునపుడు గాని తలపము. పడక సరిలేని రాత్రి చలికి వణకి జాగరము చేసిన ముసలమ్మ మఱునాడు కొండ యెట్లెక్కగలదు?

మొదట తెలిసికొనవలసినది ఒకటి కలదు. ఏ కంబళియు, ఏ రజాయియు తనంతట వెచ్చదనమును పుట్టింపదు. వేడిని పుట్టించునది మన దేహమే. పడకబట్ట ఆ వేడి త్వరగా పాఱిపోకుండ అడ్డుపడును. అంతియే దాని పని. అడ్డుపడునదియు నిజమునకు నూలు కాదు, ఉన్ని కాదు. వాని నడుమ చిక్కుకొని కదలక నిలిచిన గాలి. నిశ్చలమైన గాలి వేడిని మిక్కిలి మెల్లగా పోనిచ్చును. అందువలననే ఒక బరువైన కంబళికంటె రెండు తేలికపాటి కంబళ్లు వెచ్చగా నుండుటను మనమందఱము ఎఱుగుదుము. మన అమ్మమ్మలు పాత చీరలను అయిదాఱు పొరలుగా పఱచి, దగ్గఱ దగ్గఱగా కుట్టువేసి బొంత చేయుటలోని మర్మమును ఇదియే. పొరల నడుమ గాలి నిలుచుటకు వారు చోటు కల్పించిరి. శాస్త్రము దానికి పేరు తరువాత పెట్టినది.

ఈ సంగతి గుర్తున్నచో తక్కినవి వానంతట అవియే బోధపడును. ఎంత మంచి రజాయియైనను మన వీపు క్రింద పడి అణగినచో అందలి గాలి వెడలిపోవును. అణగిన భాగము ఉత్త గుడ్డతో సమానము. ఆ గుడ్డ క్రింద చల్లని నేల యున్నది. నేలకు తగిలిన దేహము గాలికి తగిలిన దేహముకంటె త్వరగా చల్లాఱును. పైన రెండు రజాయిలు కప్పికొన్నను వణకు వదలనివారు మూడవ రజాయికై వెదకుదురు. వారు వెదకవలసినది క్రిందిచాప.

ఈ క్రిందిపఱుపులకు ఇప్పుడు ఆర్ విలువ యని ఒక అంకెను వేయుచున్నారు. అది వేడిని ఆపు శక్తికి కొలత. దానిని కొలుచుటకు 2018లో అమెరికా దేశపు ప్రమాణసంస్థ యొకటి ఒక పద్ధతిని ఏర్పఱచినందున, ఆ పద్ధతిని అనుసరించిన పఱుపులను ఒకదానితో నొకటి పోల్చుకొనుటకు వీలు కలిగినది. ఈ అంకెలోని గొప్ప సౌలభ్యమేమన, ఒకదానిపై నొకటి పఱచినచో రెండింటి అంకెలను కూడుకొనవచ్చును. రెండు గల ఫోము చాపమీద మూడు గల గాలిపఱుపు వేసినచో అయిదగును. వేసవికి ఒకటి రెండు చాలును. మన చలికాలమునకు మూడు నాలుగు. మంచు పడిన నేలమీద అయిదునకు తగ్గరాదు. గాలి ఊది నింపు పఱుపులలో లోపల ఏ దూదియు, పొరయు లేని ఉత్త గాలితిత్తులు కొన్ని కలవు. చూచుటకు అవి జానెడు ఎత్తుండును. కాని ఆ విశాలమైన కుహరమున గాలి తిరుగాడుచు మన వేడిని నేలకు చేరవేయును. అట్టిదానిమీద లంబసింగిలో పరుండుటకంటె ఫోము చాపమీద పరుండుట మేలు. ఫోమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను భయము లేదు. గాలిపఱుపు నడిరాత్రి చిల్లుపడినచో నేలయే గతి. అందుచేత రెండును తీసికొనిపోవువారు ఫోమును క్రిందను, గాలిపఱుపును పైనను వేయుదురు.

ఇక ఆ సోదరి యడిగిన సున్న డిగ్రీల మాట. ఇది మన స్త్రీలు ప్రత్యేకముగా తెలిసికొనదగినది.

స్లీపింగ్ బ్యాగుల వెచ్చదనమును కొలుచుటకు ఐరోపాలో 2002లో ఒక ప్రమాణము ఏర్పడినది. 2016 నుండి అంతర్జాతీయ ప్రమాణము దాని స్థానమును పొందినది. వేడిచేయబడిన మనుష్యాకారపు బొమ్మకు లోదుస్తులు తొడిగి, చాపమీద సంచిలో పరుండబెట్టి, వేడి ఎంత వేగముగా పోవునో కొలిచి లెక్కకట్టుదురు. ఆ లెక్కనుండి ముఖ్యముగా మూడు అంకెలు వచ్చును. మొదటిది సుఖపు అంకె: ఇరువదియైదేండ్ల స్త్రీ, 160 సెంటీమీటర్ల యెత్తు, 60 కిలోల బరువు గలది, చలి యనుకొనక కాలుచేతులు చాచి నిద్రింపగల చలి. రెండవది హద్దు అంకె: అదే వయస్సు గల పురుషుడు, 173 సెంటీమీటర్ల యెత్తు, 73 కిలోల బరువు గలవాడు, మోకాళ్లు ముడుచుకొని వణకు పుట్టక నిద్రింపగల చలి. మూడవది ఆపద్ధర్మపు అంకె: ఆ స్త్రీయే ఆఱు గంటలసేపు ప్రాణముతో నిలువగల చలి. ఆ చలిలో నిద్ర రాదు. వ్రేళ్లు మంచుకు చెడిపోవచ్చును. ఈ మూడవదానిని చూచి సంచిని కొనువారు వెఱ్ఱివారు. దానిని పెద్ద యక్షరములతో అచ్చువేసి అమ్మువారిని ఏమనవలెనో పాఠకురాండ్రకే విడిచిపెట్టుచున్నాను.

ఒకే సంచికి సుఖపు అంకె అయిదు, హద్దు అంకె సున్న యుండుట సాధారణము. దుకాణములలో పెద్దగా కనబడునది తఱచుగా పురుషుని అంకె. స్త్రీ అంకె లోపలి చీటీలో చిన్నదిగా నుండును. కొన్నిటికి ఏ ప్రమాణమును లేదు. అచ్చువేసినవాని ఊహయే ప్రమాణము. స్త్రీదేహము సగటున చిన్నది, కండ తక్కువ, విశ్రాంతివేళ పుట్టించు వేడియు తక్కువ. చలి తగులగానే చేతులకు కాళ్లకు పోవు రక్తనాళములు త్వరగా ముడుచుకొనును. ఇది సౌకుమార్యము కాదు, దేహధర్మము. మన యిండ్లలో మందపు రజాయి మగవారికి, అంచులు చిరిగిన దుప్పటి ఇల్లాలికి అనునది ఎవ్వరును వ్రాయని శాసనమై చెల్లుచున్నది. తెల్లవాఱకముందే లేచునది ఆమెయే గదా, ఆమెకు మందపుదేల యని కాబోలు! ఈ ప్రమాణములను కట్టినవారు మాత్రము ఎక్కువ వెచ్చదనము ఎవరికి కావలయునో కొలిచి చెప్పినారు. ఇంటిల్లిపాదికి ఒకే రకపు సంచులు కొనినచో, అందులో మందమైనది ఇల్లాలికిని, అంతకంటె మందమైనది ముసలివారికిని ఈయవలయును. ప్రమాణములోని స్త్రీకి ఇరువదియైదేండ్లని మఱువరాదు. డెబ్బదియేండ్ల అత్తగారి దేహము అంత వేడిని పుట్టింపలేదు. ఆమెకై సుఖపు అంకెను చూచి, దానికిని అయిదు డిగ్రీలు వెచ్చనిదానిని ఏర్పాటు చేయుట క్షేమము.

కేదారక్షేత్రము సముద్రమట్టమునకు 3,583 మీటర్ల యెత్తున నున్నది. నడక మొదలగు గౌరీకుండము ఇంచుమించు 1,980 మీటర్లు. వేయి మీటర్ల యెత్తునకు సగటున ఆఱున్నర డిగ్రీలు తగ్గునని లెక్కించినచో, ఒక్క దినపు నడకలోనే పది డిగ్రీలు దిగిపోవును. గౌరీకుండమున శాలువ చాలినదని పైనకూడ చాలుననుకొనరాదు. ఆలయము తెఱచు వైశాఖమునను, మూయుటకు ముందు ఆశ్వయుజమునను రాత్రులు సున్నకు చేరువగాను, దానికి దిగువగాను ఉండును. కావున ఆ సోదరికి నా ప్రత్యుత్తరము: మీ మూడు సంచుల లోపలి చీటీలను వెదకి సుఖపు అంకె యెంతయో చూడుడు. అయిదు అని యున్నచో మీకును కూతురికిని పైనొక పలుచని రజాయి కావలయును. అత్తగారికి రజాయితోపాటు లోదుప్పటియు, క్రింద రెండు చాపలును కావలయును. చీటీయే లేకున్నచో అంకెను నమ్మక, మిగుల పలుచనిదానిగానే లెక్కింపుడు.

పొరలను కూర్చుటలో ఏది లోపల, ఏది పైన అను విచారము కలదు. దేహమునుండి రాత్రియంతయు ఆవిరి వెలువడును. అది పొరలగుండ బయటికి పోవుచు, చలి తగిలినచోట నీరై నిలుచును. చలి తగులునది అన్నిటికంటె పైపొరకు. మన కావ్యములలో రాజకన్యలు శయనించు హంసతూలికాతల్పమును గూర్చి వినియుందుము. నేటి కాలమున బాతుల యొక్కయు, పెద్దబాతుల యొక్కయు రొమ్ముక్రింది మెత్తని నూగు నింపిన సంచులు ఆ తల్పమునకు దూరపు చుట్టములే. ఆ నూగు బరువునకు మించిన వెచ్చదనము నిచ్చును, పిడికెడుగా అణగి మరల ఉబ్బును. కాని తడిసినచో ముద్దకట్టి ఎందులకును కొఱగాదు. కృత్రిమపు నూలు నింపినది బరువెక్కువ, చోటెక్కువ. తడిసినను కొంత వెచ్చదనమును నిలుపుకొనును. అందుచేత నూగు సంచి లోపలను, కృత్రిమపు నూలు రజాయి పైనను ఉండుట యుక్తము. తేమ చేరవలసినచో పైదానిలో చేరును; లోపలిది పొడిగా మిగులును. పైరజాయి లోపలిసంచిని నొక్కకుండ వదులుగా నుండవలయును. బిగుతైనచో రెండు పొరలు కలిసి ఒక్కటై, కూడినదంతయు తీసివేత యగును.

లోదుప్పటి యనునది సంచి లోపల దూర్చుకొను పలుచని గుడ్డసంచి. పట్టుది తేలిక, ఉన్నిది వెచ్చన, నూలుది చౌక. అమ్మువారు దీనికి చెప్పు డిగ్రీలలో సగము నమ్మినను చాలును. కాని దానివలన సంచికి చెమట అంటదు, తఱచు ఉతుకనక్కఱలేదు. వేసవిలో అదియొక్కటియే పడక యగును. మన ఇండ్లలోని పాత పట్టుచీరను నిలువున మడిచి, అడుగును ప్రక్కను కుట్టినచో దుకాణపుదానికి తీసిపోదు. జరీ అంచును ముందుగా విప్పివేయవలయును, లేనిచో మెడను గీరును.

బొంతను, గొంగడిని తీసికొనిపోవచ్చునా యని కొందఱడుగుదురు. బొంత నూలు. పొడిచలికి, అనగా పల్నాటి పుష్యమాసపు చలికో, ఆదిలాబాదు చలికో, డేరాలో అది పనికివచ్చును. మంచు కురియుచోట తేమను పీల్చి బరువై చల్లబడును. నడిచి మోయువారికి దాని బరువే శిక్ష. గొంగడి వేఱు. దక్కను గొఱ్ఱెల ముతక ఉన్నితో నేసిన ఆ గొంగడిని తెలంగాణపు కాపరులు వానలో తలమీదుగా ముసుగువేసికొని మందవెంట తిరుగుదురు. ఉన్ని తన బరువులో ఇంచుమించు మూడవవంతు తేమను పీల్చియు తడిగా తోపదు. ఒంటికి తగిలినచో గీరుకొనును గావున లోపల దుప్పటి యుండవలయును. డేరా నేలమీద ఫోము చాప, దానిపై నాలుగు మడతలు వేసిన గొంగడి: ఇంతకు మించిన క్రిందిపడక బండిలో పోవువారికి నేనెఱుగను.

వేసవిలో చింత చలిది కాదు. మహాశివరాత్రికి నల్లమల యడవిలో శ్రీశైలమునకు నడచుచు చెట్లక్రింద పరుండు భక్తులను తలపుడు. వారికి దుప్పటి యొకటి చాలును. కాని నేలపడకకు కట్లపాము భయము కలదు. అది రాత్రి సంచరించి నిద్రించువారిని కఱచును. కాటు నొప్పి లేనిదై, వాపు రానిదై, ఏదో పురుగు కుట్టినదనుకొని మఱల నిద్రపోవుట జరుగును; పిమ్మట కడుపునొప్పి, రెప్పలు వాలుట, ఊపిరి ఆడకుండుట. తెల్లవాఱువఱకు ఆగక వెంటనే విషహర ఔషధముండు ఆసుపత్రికి పోవలయును. దోమతెర అంచులను చాపక్రిందికి నలుప్రక్కల బిగించి దోపినచో దోమయే కాదు, పామును దూఱదు. నేపాళ దేశపు ఆగ్నేయభాగమున జరిగి 2007లో ప్రచురింపబడిన పరిశోధనలోను దోమతెరలో పరుండువారికి పాముకాటు బహు తక్కువయని తేలినది. కావున వేసవిపడకలో మొదటిపొర దోమతెర యని నా యభిప్రాయము. ఇష్టమున్నవారు రెండు చెట్ల నడుమ వల ఊయల కట్టుకొందురు. ఎండకాలమున క్రిందినుండి గాలి తగిలి హాయిగా నుండును. అదే ఊయల చలికాలమున వీపును గడ్డకట్టించును గనుక, అప్పుడు ఊయలక్రింద అణగకుండ వ్రేలాడునట్లు ఒక రజాయిని కట్టవలయును. లోపల వేసికొన్న రజాయి వీపుక్రింద అణగిపోవునని పైన చెప్పియే యున్నాను.

వర్షఋతువున పడకకు శత్రువు నీరు. డేరాక్రింద పఱచు టార్పాలిను పట్టా డేరాకంటె కొంచెము చిన్నదిగా నుండవలయును. వెలికి వచ్చిన అంచు వాననీటిని పట్టి తిన్నగా మన పడకక్రిందికి నడిపించును. ఎండిన వాగులోని ఇసుక మెత్తగా నున్నదని అందు డేరా వేయరాదు. ఎగువను కురిసిన వాన మనకు చెప్పి రాదు.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లికి చేరువ, ఇంచుమించు వేయి మీటర్ల యెత్తున నున్న చిన్న యూరు. మార్గశిర పుష్యములలో అక్కడ రాత్రి సున్నకు చేరువగా దిగుట కలదు. దానికి కొఱ్ఱబయలు అను మఱియొక పేరును కలదు. బయట నిలిచినవాడు కొయ్యవలె బిగుసుకొనిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. అచ్చటికి పోవు కుటుంబములకు నాలుగు మాటలు. చల్లగాలి బరువైనదై లోయ యడుగున చేరును గావున, డేరాను పల్లమున గాక వాలులో కొంత ఎగువను వేయుడు. చెట్టునీడను వేసినచో మంచు తక్కువ పడును. డేరా గవాక్షములను పూర్తిగా మూయకుడు. మూసినచో మన ఊపిరియే గోడలమీద నీరై తెల్లవాఱుజామున పడకమీద రాలును. పగలు నడిచి చెమటపట్టిన బట్టలతో పరుండక, మేజోళ్లతో సహా పొడిబట్టలు మార్చుకొని, చెవులు మూయు టోపీ పెట్టుకొనుడు. మేజోళ్లు రెండు జతలు బిగించి తొడిగినచో రక్తము ఆడక పాదములు మఱింత చల్లబడును. వదులైన ఉన్ని జత యొకటి మేలు. ముఖమును సంచిలో దూర్చి ఊపిరి విడువరాదు, లోపల తేమ చేరును. పడుకొనుటకు ముందు కొంచెము తిని, బిగువుగా మూతపడు సీసాలో వేడినీరు పోసి మేజోడులో చుట్టి కాళ్లవద్ద పెట్టుకొన్నచో మొదటి రెండు గంటలు సుఖముగా గడచును. రాత్రి లేవవలసివచ్చునని స్త్రీలు నీళ్లు మానుట, వచ్చినపుడు ఓర్చుకొనుట రెండును తప్పు; లేచి వచ్చినచో నిద్ర కుదురును.

ఒక్కటి మాత్రము ఎన్నిమాఱులు చెప్పినను చాలదు. చలికి తాళలేక డేరాలోనికి కుంపటిని తేకుడు. బొగ్గులు ఎఱ్ఱగా, పొగలేక కనబడుచున్నను వానినుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు వెలువడును. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మగత; ఆ మగతనే నిద్ర యనుకొని లేవనివారు ప్రతి చలికాలమునను కలరు. గ్యాసు పొయ్యికిని ఇదియే మాట. కవాటము కొంచెము తెఱచియుంచితిమి గదా యని ధైర్యము పడరాదు. కాచుకొనదలచినచో బయట కాచుకొని, నిప్పును బయటనే ఆర్పి లోనికి రావలయును.

ఏడాది నిండని శిశువును తల్లి తనతోకూడ ఒకే సంచిలో పరుండబెట్టుకొనరాదు. బట్ట ముఖముమీదికి జాఱి ఊపిరి ఆగు ప్రమాదము కలదు. అంతటి పసివానిని సున్న డిగ్రీల చోటికి కొనిపోకుండుటయే తల్లి చేయదగిన పని. అయిదాఱేండ్ల పిల్లలకు పెద్దవారి సంచి నిచ్చినచో, కాళ్లక్రింది ఖాళీభాగమును మడిచి త్రాటితో కట్టివేయుడు. ఆ ఖాళీని వెచ్చబెట్టుటకే పిల్లవాని వేడి చాలక పోవును.

యాత్రకు పదిదినములు ముందు ఈ పొరలనన్నిటిని మేడమీద పఱచి ఒక రాత్రి పరుండి చూచుట మంచిది. మన మేడమీద హిమాలయపు చలి లేకపోయినను, చాప జాఱునదియు, జిప్పు పట్టుకొనునదియు, అత్తగారు చీకటిలో సంచి విప్పుకొని లేవలేనిదియు అక్కడనే తెలియును. లేవలేనిచో ఆమెకు సంచిని మూయక, జిప్పు పూర్తిగా విప్పి రజాయివలె కప్పి, అంచులను దోపుడు.

ఇంటికి వచ్చిన పిదప సంచులను ఎండపొడ తగులు నీడలో రెండుదినములు ఆఱబెట్టవలయును. ఉతుకవలసివచ్చినచో మెత్తని సబ్బుతో ఉతికి, పిండక నొక్కి నీరు తీసి, నూగు ఉండలను వ్రేళ్లతో విడదీయుచు పూర్తిగా ఆఱనీయవలయును. పైకి పొడిగానుండి లోపల చెమ్మ మిగిలినచో బూజు పట్టును. తరువాత వానిని కొన్నప్పుడు వచ్చిన బిగుతు సంచులలో కుక్కి అటకమీద వేయకుడు. ఏడాదిపాటు అణగియున్న నూగు మఱల ఉబ్బదు. పాత నూలుచీరతో వదులైన పెద్ద సంచి కుట్టి, అందువేసి, బీరువాలో వ్రేలాడదీసి, రెండు వేపాకు రెమ్మలను సంచి వెలుపల కట్టుడు.